సెట్టు మోగిందా, మూగబోయిందా

విశాఖపట్నం ముందు మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి మనమంతా విన్న కథ మూడు వాక్యాల్లో అయిపోతుంది. మన విమానవాహక నౌక విక్రాంత్ తన వైర్‌లెస్ ఆపేసి దాక్కుంది. మన మరో యుద్ధనౌక రాజ్‌పుత్ తన వైర్‌లెస్ ఆపకుండా మోగించి విక్రాంత్‌లా నటించింది. ఆ మోతను నమ్మి ఘాజీ వచ్చి మునిగింది. ఈ మూడింటిలో దేనికి కాగితం ఉంది, దేనికి లేదు అన్నది తేల్చుకోవాలని కూర్చున్నాను.

నేనుండేది యరమరస్. మాకు సముద్రం లేదు. కొద్ది దూరంలో కృష్ణ ఉంది, కృష్ణలో పుట్టి ఉంది. పుట్టిలో వేయడానికి, ఆపడానికి ఏమీ ఉండదు. తెడ్డు ఒక్కటే. అందుకేనేమో, నీటి మీద వెళ్లేవాడు తన యంత్రాన్ని నడవనివ్వాలా, ఆపేయాలా అన్న ప్రశ్న నన్ను బాగా పట్టుకుంది. నడిస్తే దారి తెలుస్తుంది, మాట అందుతుంది. కానీ నడిచే వైర్‌లెస్ సెట్టు తన జాడను ఇతరులకూ చెబుతుంది. 1971 నవంబర్, డిసెంబర్ నెలల్లో బంగాళాఖాతంలో ఉన్న ప్రతి కెప్టెన్ ముందూ ఈ ప్రశ్న ఉంది.

ఒక పాత లెడ్జరు తీసుకుని గళ్లు గీశాను. అడ్డంగా తేదీలు, నిలువుగా ఓడలు. సెట్టు నడిచిందనడానికి ఆధారం దొరికిన చోట 'నడిచింది', ఆగిందనడానికి దొరికిన చోట 'ఆగింది'. ఊహకు గడి లేదు. పుస్తకం గానీ వ్యాసం గానీ రాసి తమ మాటకు తామే జవాబుదారీ అయినవారి పేర్లే ఇక్కడ చెబుతాను. మిగతావారిని హోదాతోనే చెబుతాను.

ముందు ఘాజీ ఏమిటో చెప్పాలి. అమెరికా నౌకాదళం 1945 మార్చి 31న 'డయాబ్లో' పేరుతో చేర్చుకున్న జలాంతర్గామి అది. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. పొడవు సుమారు 95 మీటర్లు. కరాచీ నుంచి బయల్దేరి, శ్రీలంక చుట్టి, బంగాళాఖాతంలో కొన్నాళ్లు కాపు కాసి తిరిగి వెళ్లగల జలాంతర్గామి అప్పటి పాకిస్తాన్‌కు అదొక్కటే. చివరి ప్రయాణంలో అందులో 93 మంది ఉన్నారు. ఒక్కరూ బతకలేదు. ఈ లెక్కలన్నీ వేస్తున్నంతసేపూ ఆ సంఖ్య నా కాగితం పైన రాసే ఉంచుకున్నాను.

మొదటి ప్రశ్న విక్రాంత్‌ది. అది నిజంగా మౌనంగా ఉందా? దీనికి సాక్ష్యం విక్రాంత్ వైపు నుంచి కాదు, ఘాజీ వైపు నుంచే దొరుకుతుంది. మునిగిన ఘాజీ నుంచి డైవర్లు దారి పటం పైకి తెచ్చారు. దాని ఆధారంగా మన నౌకాదళ చరిత్రకారుడు వైస్ అడ్మిరల్ హీరానందాని 'ట్రాన్సిషన్ టు ట్రయంఫ్'లో తేదీలు ఇచ్చారు. నవంబర్ 14న కరాచీ వదిలింది. 16న బొంబాయికి 400 మైళ్ల దూరంలో ఉంది. 19న శ్రీలంక దగ్గర, 20న బంగాళాఖాతంలో. 23న మద్రాసు ముందు విక్రాంత్ కోసం వెతకడం మొదలుపెట్టింది. విక్రాంత్ అప్పటికి మద్రాసులో లేదు. పది రోజుల కిందటే వెళ్లిపోయి అండమాన్ దీవుల వైపు ఉంది. అంత పెద్ద ఓడ పది రోజులుగా ఎక్కడుందో వెతికేవాడికి తెలియలేదంటే ఆ ఓడ సెట్టు గాలిలోకి మాట వదల్లేదని ఒప్పుకోవాలి. విక్రాంత్ వరుసలో 'ఆగింది' అని రాశాను. మొత్తం లెడ్జరులో నేను చెయ్యి వణక్కుండా రాసిన మాట అదే.

రెండో ప్రశ్న, ఘాజీ వస్తోందని మనవాళ్లకు ఎలా తెలిసింది? ఘాజీయే నోరు జారి దొరికిపోయిందని చాలామంది చెబుతారు. నేనూ మొదట అలాగే రాసుకుని తర్వాత కొట్టేశాను. మనవాళ్ల చెవిన పడిన సందేశం తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న చిట్టగాంగ్‌లోని నౌకాదళ అధికారులకు పంపింది. ఒక రకం కందెన నూనె అక్కడ దొరుకుతుందా అని అందులో అడిగారు. ఆ నూనె వాడేవి జలాంతర్గాములు, మైన్లు తీసే ఓడలు మాత్రమే. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్నిబట్టే ఘాజీ ఇటు వస్తోందని లెక్క కట్టారు. అంటే ఓడ తన సెట్టు జాగ్రత్తగా వాడుకున్నా, ఓడకు కావలసిన నూనె గురించి అడిగిన సందేశం దాని రాకను బయటపెట్టింది. ఘాజీ వరుసలో ఈ సందేశానికి చోటు లేదు. దానికి వేరే వరుస గీయాల్సి వచ్చింది.

మూడోది అసలు కథ. రాజ్‌పుత్ మోత.

రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధ కాలపు డిస్ట్రాయర్. బ్రిటన్ నుంచి కొన్నది, అప్పటికే ముసలిదైపోయింది. కృష్ణన్ తన పుస్తకంలో రాసిన ప్రకారం దాన్ని విశాఖకు 160 మైళ్ల దూరంలో సముద్రం మీదికి పంపారు. విమానవాహక నౌక పంపినంత రద్దీగా వైర్‌లెస్ సందేశాలు పంపమన్నారు. ఒడ్డున కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డరిచ్చారు. విక్రాంత్ నావికుడొకరు జబ్బుపడ్డ తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు రహస్య లిపి లేకుండా ఒక ప్రైవేటు టెలిగ్రాం కూడా పంపించారు. ఎర పారిందనడానికి ఆయన చూపిన రుజువు ఒక కాగితం. ఘాజీలో దొరికిన ఆ సందేశం నవంబర్ 25న కరాచీలోని జలాంతర్గాముల అధికారి పంపింది. విమానవాహక నౌక రేవులో ఉన్నట్టు సమాచారం అని దాని సారం.

ఈ కాగితాన్ని చాలాసేపు ముందు పెట్టుకుని ఆలోచించాను. అది ఒక విషయం గట్టిగా చెబుతుంది. సందేశం ఘాజీ లోపల దొరికింది కాబట్టి ఘాజీ దాన్ని అందుకుంది. ఉప్పునీటి అడుగుకు మామూలు రేడియో తరంగాలు చేరవు. అందుకోవాలంటే జలాంతర్గామి పైకి వచ్చి ఏరియల్ బయటపెట్టాలి, సెట్టు వేసి ఉండాలి. కాబట్టి నవంబర్ 25న, లేదా ఆ వెంటనే, ఘాజీ సెట్టు నడుస్తోంది, దాని ముందు మనిషి ఉన్నాడు. గడి నింపాను.

కానీ అదే కాగితం రాజ్‌పుత్ మోతకు సాక్ష్యం చెప్పడం లేదు. సందేశంలో ఉన్న మాట 'రేవులో' అని. రాజ్‌పుత్ మోగించింది రేవులో కాదు, 160 మైళ్ల అవతల, అంటే దాదాపు 300 కిలోమీటర్ల దూరాన నడిసముద్రంలో. వైర్‌లెస్ మోతను పట్టి దిక్కు కొలిచినవాడు ఓడ సముద్రం మీద ఉందని చెప్పాలి గానీ రేవులో ఉందని ఎందుకు చెబుతాడు? రేవులో ఉందన్న మాటకు కూరగాయల ఆర్డరు దగ్గరగా ఉంది. టెలిగ్రాం దగ్గరగా ఉంది. ఒడ్డున నిలబడి చూసిన మనిషి మాట కూడా కావచ్చు. ఎర పనిచేసిందని కృష్ణన్ అన్నది నిజమే కావచ్చు. ఏ ఎర పనిచేసిందన్నది ఆ కాగితంలో లేదు. పుస్తకాల్లో, సినిమా మాటల్లో ఘనతంతా సెట్టుకే వెళ్లింది. ఆ మొగ్గుకు ఆధారం లేదని నేను ధైర్యంగా చెప్పగలను. మోగించడం నిజం, దాన్ని ఘాజీ విన్నదన్నది మాత్రం రుజువు కాలేదు.

నాలుగో ప్రశ్నతో నేను అన్నిటికన్నా ఎక్కువ రోజులు గడిపాను. ఘాజీ ఎప్పుడు మూగబోయింది?

పాకిస్తాన్ నౌకాదళం అచ్చువేసిన సొంత చరిత్రలో దీనికి ఒక ఆనవాలు ఉంది. ఘాజీ తనకు కేటాయించిన ప్రాంతానికి చేరి నవంబర్ 26న కబురు పెట్టాలి. ఆ కబురు రాలేదు. భారత్-పాకిస్తాన్ యుద్ధం మొదలైంది డిసెంబర్ 3 సాయంత్రం. అంతకుముందే కరాచీలో ఘాజీ గురించి ఆందోళన మొదలైందని ఆ పుస్తకమే ఒప్పుకుంటుంది. దీన్ని చదివిన రోజు ఘాజీ 26కే మునిగి ఉంటుందని నాకు అనిపించింది. మర్నాటికి ఆ ఆలోచన వదిలేశాను. శత్రువు తీరం ముందున్న జలాంతర్గామి మాట్లాడకపోవడం దాని చావుకు గుర్తు కాదు, దాని వృత్తి అది. సెట్టు చెడిపోయి ఉండొచ్చు. కెప్టెన్ కావాలనే ఆపి ఉండొచ్చు. ఓడ మునిగి ఉండొచ్చు. ఈ మూడింటికీ కరాచీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నవాడికి వినబడేది ఒకటే.

ఇక తేదీ. మన వైపు కథనం ఇది. డిసెంబర్ 3 రాత్రి 11.40కి రాజ్‌పుత్ విశాఖ రేవు వదిలింది. బయటికి వెళ్లే సన్నటి చానెల్లో సగం దూరం పోయాక కెప్టెన్‌కు అనుమానం వచ్చింది. ఘాజీ సరిగ్గా చానెల్ మొన దగ్గరే కాచుకుని ఉంటే? ఓడను ఆపి రేవు పైలట్‌ను దించేసి, పూర్తి వేగంతో బయటికి తీశాడు. అర్ధరాత్రి ప్రాంతంలో కుడివైపు కాపలా మనిషికి నీటి మీద అలజడి కనబడింది. నీటి అడుగున పేలే డెప్త్ చార్జ్‌లు రెండు వదిలారు. కొన్ని నిమిషాల తర్వాత చాలా పెద్ద పేలుడు. ప్రధానమంత్రి రేడియో ప్రసంగం కోసం మేలుకుని ఉన్న విశాఖ జనం భూకంపమనుకుని వీధుల్లోకి వచ్చారని కృష్ణన్ రాశారు. తర్వాత ఘాజీలోంచి తీసిన గడియారం 12.15 దగ్గర ఆగి ఉంది. పేలుడు సమయానికి అది సరిపోయిందన్నారు.

దీనికి ఎదురుగా లెఫ్టినెంట్ జనరల్ జాకబ్ మాట ఉంది. 1971లో ఆయన తూర్పు సైనిక కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్. 2010లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఇలా చెప్పారు. డిసెంబర్ 3 ఉదయమే కృష్ణన్ ఫోన్ చేసి, విశాఖ ముందు జాలరులకు శిథిలాలు దొరికాయని, ఘాజీ 1నో 2నో మైన్లు వేస్తూ పేలిపోయిందని చెప్పారట. 4న మళ్లీ ఫోన్ చేసి, ఆ సంగతి ఢిల్లీకి చెప్పారా అని అడిగి, చెప్పలేదనగానే మొదటి మాట మర్చిపొమ్మన్నారట. రెండు కథనాల్లోనూ శిథిలాలు జాలరులకే దొరికాయి. తేదీలే వేరు. మన కథనంలో అది 4వ తేదీ.

జాకబ్ మాట 39 ఏళ్ల తర్వాతిది. ఒక రోజు అటూ ఇటూ కావచ్చని పక్కన పెట్టబోయాను. కానీ ఆయన తేదీతో పాటు ఒక క్రమం కూడా చెబుతున్నారు. మొదటి ఫోన్ యుద్ధానికి ముందు, రెండోది తర్వాత. యుద్ధం మొదలైన రోజును సైనికుడు తారుమారు చేయడం అంత తేలిక కాదు. అలాగని దాన్నే ఒప్పుకోవడానికీ లేదు. రెండో ఫోన్ ఎందుకు చేశారన్నది ఆ ఇద్దరి మధ్య మాట. దానికి నేను కారణం కట్టను.

అప్పుడు గడియారం వైపు తిరిగాను. గోడ గడియారం గంట చెబుతుంది, తేదీ చెప్పదు. 12.15 డిసెంబర్ 1నా వస్తుంది, 4నా వస్తుంది. నగరం విన్న మోతకు తేదీ ఉంది, ప్రధాని ప్రసంగం దాన్ని బిగించి కట్టింది. కానీ పేలింది ఏ ఓడో ఆ మోత చెప్పదు. రెండూ కలిపితేనే సాక్ష్యం నిండుతుంది. కలపాలంటే రెండు గడియారాలూ ఒకే సమయం చూపాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దీన్ని నేను చదివిన కథనాల్లో ఎవరూ అడగలేదు. 1951 నుంచి అప్పటిదాకా పాకిస్తాన్‌కు రెండు సమయాలు ఉండేవి. కరాచీ సమయం మనకన్నా అరగంట వెనక, ఢాకా సమయం మనకన్నా అరగంట ముందు. ఘాజీ గడియారం కరాచీ లెక్కన నడిచి ఉంటే దాని 12.15 విశాఖలో 12.45. ఢాకా లెక్కన అయితే విశాఖలో రాత్రి 11.45, అంటే రాజ్‌పుత్ ఇంకా చానెల్ దాటని సమయం. సముద్రం మీద రేఖాంశాన్ని బట్టి పెట్టుకునే సమయం విశాఖ ముందు ఢాకాదే. అరగంట తేడాతో భారత సమయం పెట్టుకుని ఉంటేనే రెండూ నిమిషానికి నిమిషం సరిపోతాయి. శత్రువు తీరంలో ఆ తీరపు సమయం పెట్టుకున్న కెప్టెన్ ఉండకూడదనేమీ లేదు. పైకి తీశాక ఎవరో మన సమయంలోకి మార్చి రాసి ఉండొచ్చు కూడా. కానీ 'సరిపోయింది' అన్న ఒక్క మాటతో ఆ తేడా పోదు.

ఆ గడియారంతోనే ఒక తప్పుదారి కూడా తొక్కాను. పాత వాణిజ్య ఓడల వైర్‌లెస్ గది గడియారాల మీద ఎర్ర రంగు ముక్కలు ఉంటాయి. ప్రతి గంటలో 15వ నిమిషం నుంచి 18 దాకా, 45 నుంచి 48 దాకా. ఆ మూడేసి నిమిషాలు 500 కిలోహెర్ట్జ్ మీద అందరూ పంపడం ఆపి, ఆపదలో ఉన్నవారి పిలుపు కోసం చెవులు రిక్కించాల్సి ఉండేది. ముల్లు సరిగ్గా ఆ ఎర్ర ముక్క మొదట్లో ఆగిందని తెలిసి రెండు రోజులు దాని చుట్టూ తిరిగాను. అందులో ఏమీ లేదు. అది వాణిజ్య ఓడల నియమం. దాక్కుని తిరిగే జలాంతర్గామికి దానితో పని లేదు.

తర్వాత దీపాలు. డిసెంబర్ 1న రాజ్‌పుత్ కెప్టెన్‌కు ఇచ్చిన ఆదేశంలో, దారి చూపే సాధనాలన్నీ ఆపేసి రేవు వదలమన్నారు. ఎవరి సాధనాలు? ఓడ మీది లైట్లా, రేవు దీపాలా? ఆ మాట రెండింటికీ సరిపోతుంది. రేవు దీపాలు ఆరితే ఘాజీ తన చోటు పోగొట్టుకుని, తాను వేసిన మైన్ల మీదికే తానే వెళ్లిందని ఒక ఊహ అల్లుకోవచ్చు. అల్లాను కూడా. ఓడలు బయటికి పోయేటప్పుడు లైట్లు ఆర్పమనడం యుద్ధకాలంలో మామూలు ఆదేశం. దాని మీద ఇంత బరువు మోపడానికి వీల్లేదు. చెరిపేశాను.

లోతు విషయం ఒక్క నిమిషంలో తేలింది. 2024లో మన నౌకాదళపు లోతునీటి సహాయ వాహనం శిథిలాన్ని చూసిందని, తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరాన సుమారు 100 మీటర్ల లోతులో ఉందని పత్రికలు రాశాయి. పాత పుస్తకాల్లో 30 మీటర్ల పైచిలుకు. విశాఖకు అంత దగ్గర్లో 100 మీటర్ల లోతు ఉండదు. 100 అడుగులంటే 30 మీటర్లు. ఎక్కడో అడుగులు మీటర్లయ్యాయి. 95 మీటర్ల ఓడ 30 మీటర్ల నీటిలోకి వచ్చిందన్నది గుర్తుంచుకోవలసిన మాట. నిలబెడితే మూడింట రెండు వంతులు పైనే ఉంటుంది. అక్కడ లోతు కొలిచే యంత్రం వేస్తే దాని చప్పుడు ఇతరులకు వినబడుతుంది, ఆపితే అడుగు ఎక్కడుందో తెలియదు.

చివరి ప్రశ్న, పేలుడు బయటిదా లోపలిదా? ఘాజీ ముందు భాగం లోపలి నుంచి పేలిందని కథనాలు. దాంతో డెప్త్ చార్జ్‌లను కొట్టేసినవాళ్లు ఉన్నారు. అది తొందరపాటు. ముందు గదిలోనే టార్పెడోలు ఉంటాయి. బయటి దెబ్బకు అవి పేలినా రేకు బయటికే విచ్చుకుంటుంది. మన నౌకాదళంలోనే మరో అభిప్రాయం, బ్యాటరీల హైడ్రోజన్ అంటుకుందని. ఈ తరగతి జలాంతర్గాముల్లో 126 సెల్లుల బ్యాటరీలు రెండు. ఒకటి ముందు భాగంలో, మనుషులు పడుకునే నేల కింద. ఛార్జింగ్ చివర్లో సెల్లులు హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది 4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు. దాన్ని లాగి బయటికి తోసే ఫ్యాన్లు ఉంటాయి. జలాంతర్గామిలో రాడార్ ఆపొచ్చు, సోనార్ ఆపొచ్చు, వైర్‌లెస్ ఆపొచ్చు. ఛార్జింగ్ అవుతున్నంతసేపు ఆ ఫ్యాన్లు ఆపకూడదు. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిలో గుండ్రటి తలుపుల్లోంచి వంగి వంగి నడుస్తూ నేను వెతికింది వైర్‌లెస్ గదిని కాదు, కాళ్ల కింద నేల మూతలను. వాటి కిందే బ్యాటరీలు. ఒకరి పడకకూ ఆ వాయువుకూ మధ్య దూరం నా జానెడు కన్నా పెద్దగా అనిపించలేదు. ఈ హైడ్రోజన్ ఊహ జాకబ్ తేదీకీ సరిపోతుంది, కృష్ణన్ తేదీకీ సరిపోతుంది. అందుకే అది తేదీని తేల్చదు.

డిసెంబర్ 9 దాకా ఘాజీ మునక ప్రకటించలేదు. అదే రోజు రాత్రి అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఖుక్రీ మునిగింది. రెండింటినీ ముడిపెట్టినవాళ్లు ఉన్నారు. ఒక రోజు కలిసినంత మాత్రాన కారణం కలవదు. ఆ ముడి నేను వేయను. మునకకు సంబంధించిన పత్రాలను 1980లో నాశనం చేశారని 2010లో పత్రికల్లో వచ్చింది. గడియారాన్ని ఏ సమయానికి పెట్టారో, ఏ డైవరు ఏ రోజు దాన్ని పైకి తెచ్చాడో రాసి ఉండవలసింది ఆ పత్రాల్లోనే.

నా మొగ్గు 3-4 రాత్రి వైపే. డెప్త్ చార్జ్‌ల తర్వాత వేరుగా, వాటికన్నా పెద్దగా మరో మోత వినబడిందన్న మాటను నేను తీసేయలేకపోతున్నాను. కానీ మొగ్గును లెడ్జరులో రాయకూడదని ముందే అనుకున్నాను. విక్రాంత్ వరుస నిండా 'ఆగింది'. రాజ్‌పుత్ వరుసలో 'నడిచింది', పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం. ఘాజీ వరుసలో నవంబర్ 25 దగ్గర 'నడిచింది'. ఆ తర్వాత 26 నుంచి డిసెంబర్ 3 దాకా ఎనిమిది గళ్లు ఉన్నాయి. వాటిలో ఏమీ రాయలేదు.